కళింగపట్నం ఒడ్డు నుంచి లూరు విసరడానికి ఏ బ్రెయిడ్ దారం కొనాలి?

మీ ప్రశ్నని నేను అర్థం చేసుకున్నది ఇలా. మీ దగ్గర తొమ్మిదడుగుల రాడ్డు, నాలుగు వేల సైజు రీలు, 20 నుంచి 40 గ్రాముల లూర్లు (చేపని మోసగించే ఉత్తుత్తి ఎరలు) ఉన్నాయి. ఇన్నాళ్ళూ 0.40 మి.మీ. నైలాన్ దారంతో కళింగపట్నంలో వంశధార మొగ దగ్గర, అప్పుడప్పుడు కోనాడ దగ్గర చంపావతి మొగలో విసురుతున్నారు. లూరు అనుకున్నంత దూరం పోవట్లేదు. బ్రెయిడ్‌కి అంటే జడలా అల్లిన దారానికి మారదామని చూస్తే రెండు దొరికాయి. ఒకటి 80 పౌండ్లు, 4 పాయలు, చవక. రెండోది 30 పౌండ్లు, 8 పాయలు, దానికి రెట్టింపు ధర. 80 పౌండ్లదే బలం కదా, అది కొనవచ్చా? రంగు ఏది మంచిది? లీడరు, అంటే బ్రెయిడ్ చివర లూరు ముందు కట్టే లావు దారం ముక్క, తప్పనిసరా? బ్రెయిడ్ చిక్కుపడి ముద్ద కడుతుందేమో? ఇవీ మీ సందేహాలు.

80 పౌండ్లది వద్దు. 30 పౌండ్లది తీసుకోండి, అది కూడా డబ్బా మీద పీఈ 2 (ఇది దారం లావు కొలత, కింద వివరిస్తాను) అనో, మందం 0.23, 0.24 మి.మీ. అనో రాసి ఉంటేనే. బ్రెయిడ్ కొనేటప్పుడు అందరం బోల్తా పడేది ఆ పౌండ్ల అంకె దగ్గరే. ఒడ్డు మీద నిలబడి లూరు విసిరే మనిషికి ముందు కావలసింది సన్నదనం, తర్వాతే బలం. పదిహేనేళ్ళుగా ఈ తీరంలో దారాలు తెంపుకుంటూ, మారుస్తూ నేను నేర్చుకున్నది ఇదే.

మీరు విసిరినప్పుడు లూరు ఒక్కటే పోదు. దాని వెనకాల దారమంతా రాడ్డు రింగుల్ని రాసుకుంటూ, గాలిని కోసుకుంటూ పరిగెత్తాలి. సగం దూరం వెళ్ళేసరికి లూరుని వెనక్కి లాగుతున్నది ఆ దారమే. 0.235 మి.మీ. దారం గాలికి అడ్డం పడే వెడల్పు మీ నైలాన్‌తో పోలిస్తే 40 శాతం తక్కువ. రీలు మీద దారం చుట్టుకునే స్పూలులో పట్టే చోటు చూస్తే తేడా ఇంకా ఎక్కువ. మీ నైలాన్ 100 మీటర్లు పట్టే చోట ఇది దాదాపు 290 మీటర్లు పడుతుంది. ఇప్పుడు ఆ 80 పౌండ్ల డబ్బా తిప్పి మందం చూడండి. 0.40 దగ్గరో అంతకు పైనో ఉంటుంది. అంటే నైలాన్ విప్పేసి, డబ్బు పెట్టి, మళ్ళీ అంత లావు దారమే చుట్టుకుంటున్నారన్నమాట. దూరంలో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

పోనీ ఆ బలమైనా అక్కరకొస్తుందా? 80 పౌండ్లంటే 36 కిలోలు. మీ సైజు రీలు డ్రాగ్‌ని (చేప లాగినప్పుడు దారాన్ని వదిలే బిగింపుని) మొత్తం బిగించేసినా సాధారణంగా పది కిలోల చుట్టుపక్కల ఆగిపోతుంది. ఒడ్డు మీద మనం వాడేది అందులో మూడో వంతు. తొమ్మిదడుగుల రాడ్డు పట్టుకుని నాలుగు కిలోల లాగుడు మీద ఐదు నిమిషాలు నిలబడి చూడండి, నడుముకి తెలుస్తుంది. ఆ పైన ఉన్న బలమంతా డబ్బా మీదే ఉండిపోతుంది.

డబ్బా మీది అంకెల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పీఈ అంటే పాలిఇథిలీన్. మన పాలిథీన్ సంచి, నీళ్ళ డ్రమ్ము ఏ జాతి ప్లాస్టిక్కో ఇదీ ఆ జాతే. కాకపోతే దీని అణువులు చాలా పొడవైన గొలుసులు. వాటినన్నిటినీ ఒకే దిక్కుకి సాగదీసి పోగు తీస్తారు, అందుకే బరువుకి బరువు చూస్తే ఉక్కు కన్నా ఎన్నో రెట్లు గట్టి. నెదర్లాండ్స్‌లో పుట్టిన డైనీమా, అమెరికాలో పుట్టిన స్పెక్ట్రా అన్నవి ఈ పోగు అమ్మకపు పేర్లే. తూటాలు ఆపే చొక్కాల్లో, ఓడల మోకుల్లో వాడే పోగు ఇది. 1990ల నుంచి చేపల దారాల్లోకి బాగా వచ్చింది.

పీఈ 1, పీఈ 2 అన్నవి జపాన్ వాళ్ళ కొలతలు. పట్టుకీ నూలుకీ వాడే డెనియర్ లెక్కే వీటికి ఆధారం. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పీఈ 1 అంటే 200 డెనియర్, మందం సుమారు 0.165 మి.మీ. పీఈ 1.5 అయితే 0.205, పీఈ 2 అయితే 0.235, పీఈ 3 అయితే 0.285. పౌండ్ల అంకెని ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసుకుంటారు. ఒకరు కనీస బలం రాస్తారు, ఇంకొకరు సగటు రాస్తారు, కొందరు నోటికొచ్చింది రాస్తారు. పీఈ అంకెలోనూ అబద్ధం ఆడొచ్చు, కానీ దాన్ని మనం ఇంట్లోనే పట్టుకోవచ్చు.

ఎలాగంటే, పీఈ 2 అంటే 400 డెనియర్. ఆ లెక్కన 200 మీటర్ల దారం 9 గ్రాములకి కాస్త తక్కువ తూగాలి. పై పూత కలుపుకుంటే ఇంకొంచెం. తెచ్చిన దారాన్ని డబ్బా చక్రంతో సహా కంసాలి దగ్గర చిన్న త్రాసు మీద తూయించండి. రీలుకి చుట్టుకున్నాక ఖాళీ చక్రాన్ని తూయించండి. తేడా 15 గ్రాములు వచ్చిందంటే అది పీఈ 2 కాదు, పీఈ 3 దాటిన లావు దారం. త్రాసు లేకపోతే పెన్సిల్ ఉంది. దారాన్ని పెన్సిల్‌కి పక్కపక్కన ఒరుసుకునేలా 20 చుట్లు చుట్టి స్కేలు పెట్టండి. నిజమైన పీఈ 2 అయితే ఐదు మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. బ్రెయిడ్ కాస్త చదునుగా నలుగుతుంది కాబట్టి కొద్ది తేడా పట్టించుకోవద్దు. ఏడు, ఎనిమిది వస్తే మాత్రం డబ్బా అబద్ధం చెప్తున్నట్టే.

బలం కూడా చూసుకోవాలనిపిస్తే, గట్టి కొమ్మకి దారం కట్టి, కింద బకెట్ వేలాడదీసి, లీటరు చెంబుతో నీళ్ళు పోస్తూ పోండి. ఒక్కో చెంబు ఒక్కో కిలో. 30 పౌండ్లంటే 13.6 కిలోలు. ముడి దగ్గర కొంత బలం పోతుంది కాబట్టి పది, పదకొండు చెంబులు మోసిందంటే మంచి దారమే. ఆరుకే తెగిపోతే ఆ దారాన్ని సముద్రానికి తీసుకెళ్ళకండి. పోసేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోండి, తెగిన దారం కొరడాలా వస్తుంది.

ఇక పాయలు. ఆడపిల్లకి జడ వేసినట్టే దీన్నీ పాయలుగా అల్లుతారు. ఒకే మందంలో నాలుగు పాయలంటే ఒక్కో పాయ లావు, అల్లిక గరుకు. ఎనిమిది పాయలంటే ఒక్కోటి సన్నం, అల్లిక గుండ్రంగా, నున్నగా వస్తుంది. గరుకు దారం రింగుల్లోంచి పోతుంటే జర్ మని చప్పుడు వస్తుంది, ఆ చప్పుడంతా రాపిడే, అంటే పోయిన దూరమే. ఎనిమిది పాయలది చప్పుడు లేకుండా జారిపోతుంది. కానీ రాయికో గుల్లలు పట్టిన స్తంభానికో ఒరుసుకుంటే సన్న పాయలు త్వరగా తెగుతాయి, లావు పాయలు కాసేపు తట్టుకుంటాయి. మీరు చెప్పిన రెండు చోట్లా కింద ఇసుకే కాబట్టి ఎనిమిది పాయలది మీకు సరిపోతుంది. జెట్టీ రాళ్ళ మీద నుంచి వేసే వాళ్ళయితే నాలుగు పాయలదే వాడమంటాను. పన్నెండు పాయలవీ ఉన్నాయి. ఇప్పట్లో వాటి జోలికి పోకండి.

మీ లూర్ల బరువుకి పీఈ 1.5 ఇంకా దూరం పోతుంది, నేను వాడేదీ అదే. అయినా మొదటి దారంగా మీకు పీఈ 2 ఎందుకు చెప్తున్నానంటే, సన్నబడేకొద్దీ దారం చిక్కుపడటం ఎక్కువవుతుంది, పడ్డ చిక్కు విప్పడమూ కష్టమవుతుంది. కొత్తలో లీడరు ముడి దగ్గరా పొరపాట్లు జరుగుతాయి. పీఈ 2 వాటిని కొంత ఓర్చుకుంటుంది. చేయి అలవాటయ్యాక 1.5కి దిగండి.

దారం ఎంత మంచిదైనా రీలుకి చుట్టడం తెలియకపోతే అంతా వృథా. ఇది నేను ఓ చేపని పోగొట్టుకుని తెలుసుకున్నాను. నా మొదటి బ్రెయిడ్. కళింగపట్నంలోనే, పోటు తగ్గుతున్న వేళ, మొగ నీళ్ళు గోధుమ రంగులో సముద్రంలోకి పోతున్నాయి. ఆ రంగు నీళ్ళూ నీలం నీళ్ళూ కలిసే గీత మీద లూరు పడింది. మూడు చుట్లు చుట్టానో లేదో పండుగప్ప కొట్టింది. గాలిలోకి ఎగిరి తల విదిలించింది, మొప్పలు ఎర్రగా కనబడ్డాయి. తర్వాత సముద్రం వైపు లాగడం మొదలుపెట్టింది. డ్రాగ్ బిగించాను. ఆగలేదు. ఇంకా బిగించాను. ఆగలేదు. రీలు పాడైందనుకుని కిందికి చూస్తే, స్పూలు కదలకుండా ఉంది, దాని మీద దారం చుట్ట మొత్తం ఒక్క ముద్దలా గిరగిరా తిరుగుతోంది. చుట్టేటప్పుడు బ్రెయిడ్‌ని నేరుగా నున్నటి స్పూలుకి కట్టేశాను. ఈ పోగుకి జారుడు ఎక్కువ. లోహాన్ని పట్టుకోదు. నేను బిగించినదంతా స్పూలుకే చేరింది, చేపకి కాదు. అరచేత్తో స్పూలుని అదిమితే దారం వేలు కోసింది. చేప పోయింది.

అందుకని ముందు మీ పాత నైలాన్ పది, పదిహేను మీటర్లు స్పూలుకి చుట్టి, దాని మీద బ్రెయిడ్ కట్టండి. నైలాన్ సాగి స్పూలుని గట్టిగా కరుచుకుంటుంది. ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేసినా చాలు. ఆ తర్వాత బ్రెయిడ్‌ని తడిగుడ్డలో వేళ్ళతో నొక్కి పట్టుకుని, బిగువుగా చుట్టాలి. డబ్బా చక్రంలోకి పెన్సిల్ దూర్చి ఇంట్లో ఒకర్ని పట్టుకోమనండి. అరగంట పని. వదులుగా చుడితే, పెద్ద చేప లాగినప్పుడు పైవరస కిందివరసల్లోకి దిగిపోయి ఇరుక్కుంటుంది. తర్వాతి విసురుకి దారం మధ్యలో పట్టేసి, లూరు తెగి ఎగిరిపోతుంది. చుట్టిన దారం స్పూలు అంచుకి రెండు మిల్లీమీటర్లు కిందే ఆగాలి. నిండుగా ఉంటే దూరం పోతుందని అంచుదాకా నింపేస్తారు కొందరు. అప్పుడు ఒకేసారి పది చుట్లు జారి, రింగు దగ్గర ముద్ద కడతాయి.

ఆ ముద్దల గురించే మీరు ఎక్కువ భయపడుతున్నారు, ఆ భయంలో న్యాయం ఉంది. మన తీరంలో గాలి అలాంటిది. శ్రీకాకుళం, విజయనగరం ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. సముద్రం వైపు మొహం పెట్టి నిలబడితే నైరుతి మీ కుడిచేతి వైపు. వానాకాలం గాలి ఒడ్డు వెంబడి, సరిగ్గా కుడి నుంచి వస్తుంది. చలికాలంలో ఈశాన్య గాలి ఎడమ నుంచి. ఏ కాలమైనా పక్క గాలే ఎక్కువ. పక్క గాలికి దారం విల్లులా వంగుతుంది. బ్రెయిడ్ నీటి కన్నా తేలిక కాబట్టి ఆ వంపు నీళ్ళ మీద తేలుతూనే ఉంటుంది. ఆ వదులు దారాన్ని మీరు అలాగే చుట్టేస్తే, మొదటి పది చుట్లూ పత్తిలా వదులుగా పడతాయి. తర్వాతి విసురులో అవే పైకి లేచి ముడిపడతాయి. చిక్కు ఇప్పుడు పడినట్టు కనిపిస్తుంది గానీ, దానికి బీజం పడింది ముందటి చుట్టుడులోనే.

కాబట్టి గాలి పక్కనుంచి ఉన్నప్పుడు లూరుని ఎత్తుగా కాకుండా తక్కువగా, సూటిగా విసరండి. లూరు నీళ్ళని తాకే ముందు చూపుడు వేలితో స్పూలు అంచుని ముట్టుకుంటే దారం బిగువుకి వస్తుంది. రీలు మీద దారాన్ని పట్టే కమ్మీని హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూయండి. రాడ్డు పైకెత్తి వదులు తీసేశాకే చుట్టడం మొదలుపెట్టండి. మొదటి నాలుగైదు చుట్లు దారాన్ని రెండు వేళ్ళ మధ్య నుంచి పోనివ్వండి. ఈ అలవాటు ఒక్కటి వస్తే చిక్కులు చాలావరకు పోతాయి. అయినా పడితే లాగకండి. లాగితే అది ముడి అవుతుంది. తడిపి, సూదితో ఒక్కో ఉచ్చునీ బయటికి వదులు చేస్తూ పోతే, ఏదో ఒకటి మొత్తాన్ని విప్పేస్తుంది. జేబులో ఒక పిన్నీసు పెట్టుకోండి.

నైలాన్ నుంచి మారినవాళ్ళకి ఇంకో తేడా వెంటనే చేతికి తెలుస్తుంది. నైలాన్ తెగేలోపు 20, 30 శాతం సాగుతుంది, బ్రెయిడ్ మూడు, నాలుగు శాతమే. యాభై మీటర్ల అవతల లూరు ఇసుకకి తగిలినా, చిన్న చేప ముట్టుకున్నా చేతికి టక్‌మని తెలుస్తుంది. గాలం గుచ్చుకోవడమూ తేలిక. కానీ ఊపుని మింగే సాగుడు లేదు. చేప ఒడ్డు దగ్గరికి వచ్చి, కెరటం వెనక్కి పోతూ దాన్ని లాగేటప్పుడు నైలాన్ అయితే సాగి సర్దుకునేది. బ్రెయిడ్ సర్దుకోదు, గాలం పెదవి చీల్చుకుని వచ్చేస్తుంది. దానికి డ్రాగే మందు. దారం బలంలో పావు వంతు పెట్టండి, 30 పౌండ్లకి మూడున్నర కిలోలు. చేత్తో లాగి అంచనా వేయొద్దు. రాడ్డు వంచి పట్టుకుని, దారాన్ని కొక్కెం ఉన్న చిన్న స్ప్రింగ్ త్రాసుకి కట్టి ఒకర్ని లాగమనండి. త్రాసు ఎంత చూపించినప్పుడు దారం వదులుతోందో చూసి బిగించండి. కెరటాల్లో చేపని ఒడ్డుకి తెచ్చేటప్పుడు నేను ఇంకో అర కిలో తగ్గిస్తాను. వచ్చే కెరటం మీద చుడతాను, పోయే కెరటం మీద ఆగుతాను.

లీడరు తప్పనిసరి. ఇందులో రెండో మాట లేదు. బ్రెయిడ్ లాగుడుకి గట్టిది కానీ, రాపిడికి అంత గట్టిది కాదు. పండుగప్ప మొప్ప రెక్క అంచు బ్లేడులా ఉంటుంది, బిగువుగా ఉన్న బ్రెయిడ్‌ని ఒక్క తాకుడుకి కోసేస్తుంది. ఇసుక, గుల్లలు సరేసరి. మీకు 40 పౌండ్ల నైలాన్ లీడరు చాలు, మందం 0.55 మి.మీ. పైన ఉంటుంది. ఫ్లోరోకార్బన్ అనే ఇంకో రకం లీడరు దారం కొనమని అడుగడుగునా చెప్తారు. అది బరువు, నీళ్ళలో మునుగుతుంది, రాపిడికి మంచిదే. కానీ బిరుసు, ముడి సరిగా బిగియదు, ధర ఎక్కువ. మొగ దగ్గరి మడ్డి నీళ్ళలో, పైపైన లాగే లూర్లకి నైలానే బాగుంటుందని నా అనుభవం. దాని సాగుడు బ్రెయిడ్‌కి లేని మెత్తదనాన్ని కొంత ఇస్తుంది కూడా. పొడవు మొదట్లో మూడు మూరలు పెట్టుకోండి, ముడి రాడ్డు చివరి రింగు బయటే ఉంటుంది. ముడి నున్నగా వేయడం వచ్చాక ఒక బార పెట్టి రింగుల్లోంచి పోనివ్వొచ్చు. పార చేపలకీ ఇదే లీడరు సరిపోతుంది. కోనెం తిరిగే రోజుల్లో మాత్రం లూరు ముందు జానెడు సన్న ఉక్కు తీగ ఉండాలి. వాటి పళ్ళ ముందు ఏ దారమూ నిలవదు.

బ్రెయిడ్‌నీ లీడరునీ కలపడానికి ఎఫ్‌జీ ముడి నేర్చుకోండి. నిజానికి అది ముడి కాదు, పట్టు. నైలాన్‌కి మీరు వేసే మామూలు ముళ్ళు బ్రెయిడ్‌కి జారిపోతాయి. ఎఫ్‌జీలో బ్రెయిడ్ లీడరు చుట్టూ అల్లుకుని, లాగేకొద్దీ దాని ఒంట్లోకి బిగుస్తుంది. నేను వేసే పద్ధతి ఇది. నేల మీద కూర్చుని, కాలి బొటనవేలికి గుడ్డ చుట్టి, దాని మీద బ్రెయిడ్ కొస చుట్టుకుంటాను. రెండో వైపు రాడ్డు ఒళ్ళో ఆనించి ఉంటుంది. మధ్యలో బ్రెయిడ్ తీగలా బిగిసి ఉండాలి. ఇప్పుడు లీడరు కొసని ఆ బ్రెయిడ్‌కి ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి తిప్పుతూ పోవాలి. ఒక్కో తిప్పుకీ ఒక్కో వైపు నుంచి అల్లిక పడుతుంది, జడలో పాయ మార్చినట్టు. 20 తిప్పులు. వేళ్ళతో వాటిని పక్కపక్కకి జరిపి, రెండు దారాల్నీ కలిపి నాలుగు చిన్న ముళ్ళు వేయాలి. తర్వాత అసలు పని. ఉమ్మితో తడిపి, రెండు వైపులా చేతికి గుడ్డ చుట్టుకుని గట్టిగా లాగాలి. అల్లిక రంగు ముదురుగా మారి, లీడరులోకి కరుచుకున్నట్టు కళ్ళకే కనబడుతుంది. రంగు మారకపోతే అది బిగియలేదు, సముద్రంలో జారుతుంది. తడపకుండా పొడిగా మాత్రం లాగొద్దు. ఈ పోగు సుమారు 145 డిగ్రీలకే కరుగుతుంది, రాపిడి వేడికే దాని బలం చచ్చిపోతుంది. చివరికి లీడరు కొసని దగ్గరగా కత్తిరించి, ఒక్క బ్రెయిడ్ మీద ఇంకో నాలుగు ముళ్ళు.

మొదటి రోజు పది వేస్తే ఎనిమిది జారతాయి. వారం పాటు ఇంట్లో రోజుకి ఐదు వేయండి. ఒడ్డు మీద గాలిలో, తడి చేతులతో నేర్చుకోవడం కుదరదు. అప్పటిదాకా రెండు యూని ముళ్ళు ఎదురెదురుగా వేసి కలుపుకోండి. లీడరు వైపు నాలుగు చుట్లు, బ్రెయిడ్ వైపు ఎనిమిది. బలం కాస్త తక్కువే గానీ నమ్మకమైనది. కత్తిరించడానికి గోళ్ళ కట్టర్ పనికిరాదు, పోగులు నమిలినట్టు చీలతాయి. మీసాల కత్తెర ఒకటి దగ్గర ఉంచుకోండి.

రంగు విషయం తేలిక. చేప దగ్గర ఉండేది లీడరు, బ్రెయిడ్ కాదు. కాబట్టి రంగు మీ కంటి కోసం. పసుపో లేత ఆకుపచ్చో తీసుకోండి, నురగలో కూడా దారం ఎటు వంగుతోందో కనిపిస్తుంది. పది మీటర్లకో రంగు మారేవి పడవ మీంచి లోతుకి వదిలేవాళ్ళ కోసం. కొద్ది రోజులకి రంగు వెలిసిపోతుంది, కంగారు పడకండి. ఈ పోగు రంగుని పీల్చుకోదు, అది పైపూత మాత్రమే. వెలిసినంత మాత్రాన బలం తగ్గినట్టు కాదు.

బలం తగ్గిందో లేదో తెలుసుకునే పద్ధతి నాకు ఒక మత్స్యకారుడు చెప్పాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రోజుల్లో కోనాడ ఒడ్డున మోటారు బోట్లన్నీ ఇసుక మీద ఉన్నాయి. ఒక పెద్దాయన తాటాకు నీడలో వల బాగుచేస్తున్నాడు. నా దారం రెండుసార్లు విసురులోనే తెగిందని, కొత్తదేనని చెప్పాను. ఆయన రాడ్డు అందుకుని, చివరి బారెడు దారాన్ని బొటనవేలి గోరు మీంచి మెల్లగా లాగాడు. ఒక చోట ఆగాడు. నాకేమీ కనబడలేదు. "కంటికి ఆనదు బాబూ, గోరుకి తెలుస్తాది" అని ఆ చోటుని నా గోటి మీద పెట్టాడు. సన్నటి నూగు తగిలింది, గొంగళిపురుగు మీద చేయి పడ్డట్టు. ఒక పాయ తెగి ఉంది. అప్పటి నుంచి ప్రతిసారీ వెళ్ళే ముందు పది మీటర్లు గోటి మీంచి లాగి చూస్తాను. నూగు తగిలితే అక్కడికి కత్తిరించేసి కొత్త ముడి వేస్తాను.

ఒకే చోట పదేపదే నూగు లేస్తుంటే తప్పు దారానిది కాదు, రింగుది. చవక రాడ్ల మీద ఉత్త ఉక్కు రింగులుంటాయి. ఉప్పు, ఇసుక పట్టిన బ్రెయిడ్ వాటిని కోసి గాడి చేస్తుంది, ఆ గాడి దారాన్ని కోస్తుంది. ప్రతి రింగులోంచీ కొంచెం దూది దూర్చి తిప్పి చూడండి. ఎక్కడ దూది పోగు చిక్కుకుంటుందో అక్కడ గాడో పగులో ఉంది. ఎస్ఐసీ (సిలికాన్ కార్బైడ్) రకం పింగాణీ రింగులున్న రాడ్డయితే ఈ బాధ లేదు.

ఇంటికొచ్చాక రీలు డ్రాగ్ బిగించి, దారం మీద మంచినీళ్ళు సన్నగా చల్లి, తుడిచి, నీడలో ఆరబెట్టండి. రీలుని బకెట్లో ముంచకండి, ఉప్పు లోపలికి పోతుంది. ఆరిన ఉప్పు పలుకులు పాయల మధ్య ఉండిపోతే అవే ఆకురాయిలా అరగదీస్తాయి.

రెండు విషయాల్లో జాగ్రత్త తప్పనిసరి. లూరు ఎక్కడైనా చిక్కుకుంటే బ్రెయిడ్‌ని చేతికి చుట్టుకుని ఎప్పుడూ లాగొద్దు. వేలు ఎముక దాకా తెగుతుంది. జేబులో జానెడు కర్రముక్క ఉంచుకోండి. దారాన్ని దానికి నాలుగు చుట్లు చుట్టి, రాడ్డుని సూటిగా కిందికి పెట్టి, మొహం పక్కకి తిప్పి, వెనక్కి నడవండి. చిక్కు వదిలితే లూరు మీ వైపే దూసుకొస్తుంది.

రెండోది, కత్తిరించిన ముక్క ఒక్కటి కూడా ఒడ్డున వదలకండి. ఇది నైలాన్ కన్నా కుళ్ళనిది, ఎండకీ అంత త్వరగా చివకదు. జనవరి నుంచి మన ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. బారెడు బ్రెయిడ్ చిక్కు ఒక తాబేలు రెక్కకి చుట్టుకుంటే, అది ఈదేకొద్దీ బిగుస్తుంది, మీ ఎఫ్‌జీ ముడి బిగిసినట్టే. తేలినీలాపురం కొంగలు మేతకి దిగే బురదల్లోనూ అంతే. నేను ఒక చిన్న మందు సీసా దగ్గర పెట్టుకుంటాను, ముక్కలన్నీ అందులోకి. పక్కవాళ్ళు పడేసినవీ ఏరతాను. మీరూ ఏరండి.

ఎంత పొడవు కొనాలని మీరు అడగలేదు కానీ చెప్తాను. మీ రీలుకి పీఈ 2 దారం 200 మీటర్లు కాస్త అటూ ఇటూగా పడుతుంది. 150 మీటర్ల డబ్బాకి ఆశపడకుండా 200 మీటర్లదే తీసుకోండి. విసిరేది అరవై, డెబ్బై మీటర్లే కాబట్టి అరిగేదంతా పై సగమే. ఒక సీజన్ అయ్యాక, పొలంలోనో పొడవాటి వీధిలోనో దారమంతా విప్పి, తిరగేసి చుట్టండి. అడుగున ఎండా ఉప్పూ తగలకుండా ఉన్న సగం పైకి వస్తుంది. రెట్టింపు ధర పెట్టామన్న బెంగ అక్కడితో సగం తీరిపోతుంది.

ఆ 80 పౌండ్లది ఇప్పటికే ఆర్డర్ పెట్టేసి ఉంటే బాధపడకండి. పారేయకుండా దాంతోనే ఇంట్లో ఎఫ్‌జీ ముడి సాధన చేయండి. లావు దారం కాబట్టి అల్లిక ఎలా పడుతోందో కంటికి బాగా కనబడుతుంది.